నలభై ఏడో పెట్టె

లెక్కల క్లాసు సగంలో ఉండగా గేటు దగ్గర స్కూటర్ చప్పుడైంది. నలభై తలలు ఒక్కసారిగా కిటికీ వైపు తిరిగాయి.

"స్కూటర్‌కి రెండే చక్రాలు. ఎన్నిసార్లు లెక్కపెట్టినా అంతే. ఇటు చూడండి" అన్నారు లెక్కల మాస్టారు.

ఎవరు చూస్తారు? వచ్చింది బొమ్మల టీచర్! స్కూటర్ ముందు రంగుల డబ్బాల సంచి, వెనక చుట్ట చుట్టిన కాగితాలు, భుజానికి కుంచెల గొట్టం. ఇవాళ స్కూటర్ వెనకాలే ఒక ట్రాలీ ఆటో కూడా వచ్చింది. అందులో మనిషంత ఎత్తున్న చెక్క పలక ఒకటి నిలబెట్టి ఉంది.

"పలక! మనకి పెద్ద పలక వచ్చింది!" అని బెంచీ ఎక్కి అరిచింది జువ్వ.

జువ్వ అన్నది ఆ అమ్మాయి అసలు పేరు కాదు. కూర్చోమంటే లేస్తుంది, లేవమంటే ఎగురుతుంది. అందుకని ఇంట్లో వాళ్ళు తారాజువ్వ అన్నారు. అంత పొడుగు పిలవలేక బళ్ళో వాళ్ళు జువ్వ అన్నారు. ఐదో క్లాసుకి వచ్చేసరికి హాజరు పట్టీలో తప్ప ఆమె అసలు పేరు ఎక్కడా మిగల్లేదు.

జువ్వకి బొమ్మలంటే ప్రాణం. కానీ నిరుటిదాకా ఆమె బొమ్మలన్నీ నోటుబుక్కుల చివరి పేజీల్లోనే ఉండేవి. ఆ నగరంలో నూట ఎనభై ఆరు ప్రభుత్వ బళ్ళుంటే, బొమ్మల క్లాసు ఉన్నవి తొమ్మిదే. ఈ ఏడాది మాత్రం అన్ని బళ్ళలోనూ బొమ్మలు నేర్పాల్సిందేనన్నారు. టీచర్లు సరిపోక మూడు బళ్ళకి ఒకరిని పంచారు. జువ్వ వాళ్ళకి మంగళవారం, శుక్రవారం దక్కాయి. విరిగిన బెంచీలు పడేసే గదిని ఖాళీ చేసి, సున్నం కొట్టి, 'బొమ్మల గది' అని బోర్డు తగిలించారు. ఆ బోర్డు రాసింది జువ్వే. అందులో అక్షరాలకంటే పక్షులే ఎక్కువ.

గంట కొట్టగానే అందరూ ఆ గదిలోకి తోసుకుంటూ పరిగెత్తారు. టీచర్ పలకని గోడకి ఆనించింది.

"పాత సరుకుల స్టేషన్ బయట పొడుగాటి గోడ ఉంది, చూశారా? ఆ గోడ నిండా ఒక రైలు రాబోతోంది. నూట ఎనభై ఆరు బళ్ళు, ఒకటే రైలు! ఒక్కో బడి ఒక్కో పెట్టె వేస్తుంది. ఒకటో నంబరు ఇంజను. మనది నలభై ఏడు" అంది.

గది దద్దరిల్లిపోయింది. చప్పట్లు, ఈలలు, 'కూ చుక్ చుక్'లు. పక్క గదిలోంచి లెక్కల మాస్టారు వచ్చి తొంగి చూసి వెళ్ళారు.

"పెట్టెలో ఏం ఎక్కించాలో మీ ఇష్టం. ఏ రంగు వెయ్యాలో మీ ఇష్టం. ఒక్కటి మాత్రం నా మాట వినాలి" అని టీచర్ పలక రెండు అంచుల మీదా వేలు పెట్టి చూపించింది. అక్కడ రెండు చిన్న ఎర్ర గుర్తులున్నాయి. "పెట్టెల్ని కలిపే కొక్కేలు సరిగ్గా ఈ గుర్తుల దగ్గరికే రావాలి. అన్ని బళ్ళ పలకల మీదా ఇదే ఎత్తులో ఉంటాయి. గుర్తు తప్పితే పెట్టె పెట్టెకి తగలదు."

"ఏం ఎక్కిద్దాం?" అన్న ప్రశ్నకి నలభై జవాబులు వచ్చాయి. ఏనుగులన్నారు, ఐస్‌క్రీములన్నారు. "మా మేనత్తని ఎక్కిద్దాం టీచర్, ఎప్పుడు చూసినా ఊరికెళ్తానంటుంది" అన్నాడొకడు.

"జిరాఫీలు!" అంది జువ్వ. "పైకప్పు లేని పెట్టె. మూడు జిరాఫీలు. మెడలన్నీ బయటికి!"

ఇంకేముంది, మేనత్త దిగిపోయింది. జిరాఫీలు ఎక్కాయి.

గీతలు గీసే పని జువ్వది. కొలతలు చూసే పని స్కేలుది. స్కేలు అంటే ఎప్పుడూ చొక్కా జేబులో పదిహేను సెంటీమీటర్ల స్కేలు పెట్టుకుని తిరిగే అబ్బాయి. టిఫిన్ డబ్బా మూత కూడా కొలిచే రకం.

మొదటి రోజు పెట్టె గీశారు. కొక్కేలు ఎర్ర గుర్తుల మీదికి చక్కగా వచ్చాయి. రెండోరోజు జిరాఫీల దగ్గర వచ్చింది చిక్కు. జువ్వ మెడలు గీసుకుంటూ, గీసుకుంటూ పైకి పోయింది. ఇంకా తలలు గీయాలి. పలక అయిపోయింది!

"మెడలు తగ్గించు" అన్నాడు స్కేలు.

"మెడ తగ్గిస్తే అది జిరాఫీ ఎందుకవుతుందిరా? మచ్చల మేక అవుతుంది."

జువ్వ పలక ముందు అటూ ఇటూ తిరిగింది. తర్వాత రబ్బరు తీసుకుని పెట్టెని, చక్రాలని, పట్టాలని మొత్తం చెరిపి, కిందికి దింపి మళ్ళీ గీసింది. ఇప్పుడు మూడు తలలూ కొమ్ములతో సహా హాయిగా పట్టాయి. కొక్కేలు మాత్రం ఎర్ర గుర్తులకంటే కిందికి జారాయి.

"జానెడు తేడా వచ్చింది" అన్నాడు స్కేలు కొలిచి.

"జానెడే కదరా! అంత పెద్ద గోడ మీద జానెడు ఎవడు చూస్తాడు?"

"చూడరేమో. కానీ తగలదు."

"నువ్వూ నీ స్కేలూ! ముందు నా జిరాఫీ కళ్ళు చూడు" అంది జువ్వ. ఆకాశానికి కలిపిన నీలం రంగులో కుంచె ముంచి, పనిలో పనిగా ఆ రెండు ఎర్ర గుర్తుల మీదా పూసేసింది. ఆకాశంలో ఎర్ర చుక్కలు ఏం బావుంటాయని తనకి తాను చెప్పుకుంది.

టీచర్ ఆ రోజు మూడో క్లాసు పిల్లల చేతులు కడిగించే హడావిడిలో ఉంది. వాళ్ళు కాగితాలకంటే ఒకళ్ళకొకళ్ళు ఎక్కువ రంగు పూసుకున్నారు. అక్కడినుంచే కేకేసి అడిగింది. "జువ్వా, గుర్తులు చూసుకున్నారా?"

"ఆఁ, చూసుకున్నాం టీచర్!"

స్కేలు తన స్కేలుని తిరిగి జేబులో పెట్టేసుకున్నాడు. అబద్ధం కూడా కాదులే, చూశాం కదా అనుకుంది జువ్వ. మనసులో ఎక్కడో చిన్న ముల్లు గుచ్చుకుంది. కానీ రంగులు పిలుస్తుంటే ముల్లు సంగతి ఎవరికి గుర్తుంటుంది?

మూడు వారాల్లో పెట్టె పూర్తయింది. అబ్బ, ఏం జిరాఫీలు! పెద్దది దర్జాగా ముందుకి చూస్తోంది. మధ్యది నిద్రమొహం. చివరి చిన్న జిరాఫీకి జువ్వ ఒక్కో కనురెప్ప వెంట్రుకా విడివిడిగా వేసింది. హెడ్మాస్టారు వచ్చి రెండుసార్లు చూసి, మూడోసారి కళ్ళజోడు తుడుచుకుని చూశారు. శుక్రవారం లారీ వచ్చి పలకని తీసుకెళ్ళిపోయింది.

శనివారం మధ్యాహ్నం జువ్వ అమ్మ దగ్గరికి వెళ్ళింది. అమ్మ పనిచేసే చోట బడి యూనిఫారాలు కుడతారు. పెద్ద హాలు, వరసగా మిషన్లు. ఒకరు కాలర్లు కుడితే, ఒకరు జేబులు కుడతారు. అమ్మ చొక్కాలకి చేతులు అతుకుతుంది.

ఆ రోజు అమ్మ కుట్టడం లేదు. ఒక కట్ట ముందేసుకుని కుట్లు విప్పుతోంది.

"ఏమైందమ్మా?"

"ఇదిగో, చొక్కా భుజం దగ్గర చిన్న కత్తెర గాటు ఉంది చూడు. చేతి గుడ్డ మీద కూడా ఒక గాటు. రెండూ ఒకదానికొకటి పెట్టి నేను కుట్టేస్తాను. కత్తిరించినాయన ఏ ధ్యాసలో ఉన్నాడో, చేతి గాటు రెండు వేళ్ళు పక్కకి పెట్టాడు. చూడు, చెయ్యి వెనక్కి తిరిగిపోయింది."

"రెండు వేళ్ళకే?"

"రెండు వేళ్ళకే. ఆయన పని ఆయనకి బాగానే కనిపించి ఉంటుంది. అతికేది నేను కదా!"

జువ్వ తన చెయ్యి చాపి చూసుకుంది. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా.

"జానెడు తేడా వస్తే ఏమవుతుందమ్మా?"

"జానెడా? అప్పుడది చొక్కా కాదు తల్లీ, గోనెసంచి!" అని నవ్వింది అమ్మ.

జువ్వకి నవ్వు రాలేదు. చెప్పేద్దామా అనుకుంది. పలక వెళ్ళిపోయిందిగా, ఇప్పుడు చెప్పి ఏం లాభం అనుకుంది. ఏమో, గోడ మీద ఎలాగోలా సర్దేస్తారేమో అని కూడా అనుకుంది.

ఆదివారం పొద్దున సరుకుల స్టేషన్ దగ్గర ఇసకేస్తే రాలనంత మంది పిల్లలు. గోడ ఈ చివర నిలబడితే ఆ చివర కనిపించడం లేదు. గోడ పొడుగునా ఇనుప చట్రాలు, వాటి కింద వరసగా ఆనించిన పలకలు. పలకల్ని చట్రాలకి ఎక్కించి బోల్టులు బిగించడానికి ఆరు జట్ల ఫిట్టర్లు వచ్చారు. పన్నెండింటికి గేట్లు తీస్తారు. ఊరంతా చూడ్డానికి వస్తుంది.

ఇంజను ఎక్కింది. రెండో పెట్టె ఎక్కింది. రెండు కొక్కేలూ ఒకదాంట్లో ఒకటి పడ్డట్టు కలవగానే, రెండు బళ్ళ పిల్లలూ "కలిసిందీ!" అని అరిచారు. స్టేషన్ పాత గంట ఠంగుమని మోగింది. ఇక చూడాలి సంబరం. పుస్తకాల పెట్టె, కలిసిందీ! చేపల పెట్టె, కలిసిందీ! ఊయలలు కట్టిన పెట్టె, కలిసిందీ! గంట కొట్టేవాడికి చెయ్యి నొప్పి పుట్టింది.

అరుపు దగ్గరికొస్తున్న కొద్దీ జువ్వ చెయ్యి చాపి జానెడు ఎంతో మళ్ళీ మళ్ళీ చూసుకుంది.

నలభై ఆరోది డప్పుల పెట్టె. దాని పక్కన ఫిట్టర్లు నలభై ఏడుని ఎక్కించారు. "అబ్బో, జిరాఫీలు!" అన్నారందరూ. కానీ "కలిసింది" అని మాత్రం ఎవరూ అనలేదు. డప్పుల పెట్టె కొక్కెం గాల్లో ఉంది. జిరాఫీల కొక్కెం దానికి జానెడు కింద ఉంది. పట్టాలైతే మెట్టు దిగినట్టున్నాయి.

గంట మోగలేదు.

"ఇదేంటిది, రైలు ఇక్కడే పడిపోయేట్టుందే!" అన్నాడు పెద్ద ఫిట్టర్. చట్రం పట్టుకుని ఊపి చూశాడు. "ఇవి వెల్డింగ్ చేసినవి, జరగవు. ఈ పలకని దింపేసి, వెనక వాటిని ఒక్కొక్కటీ ముందుకి జరుపుకుందాం. ఇంకో దారి లేదు."

దింపేయడమా!

నలభై ఎనిమిదో పలక పట్టుకుని ఒక చిన్న పిల్ల నిలబడి ఉంది. ముందు పన్ను ఊడిన బోసిపిల్ల. ఊరి చివర రాళ్ళ క్వారీ దగ్గరి బడి వాళ్ళది. బడి మొత్తానికి ఇరవై రెండు మందే. వాళ్ళ పెట్టెకి ఇరవై మూడు కిటికీలున్నాయి. ఇరవై రెండింట్లో ఇరవై రెండు ముఖాలు.

"అక్కా, మరి మా పెట్టెని దేనికి తగిలించాలి?" అని జువ్వని అడిగింది.

జువ్వ వెనక్కి తిరిగి చూసింది. నలభై ఎనిమిది నుంచి నూట ఎనభై ఆరు దాకా వరసగా పలకలు, వాటి పక్కన పిల్లలు. అందరూ మెడలు చాచి ఇటే చూస్తున్నారు. అన్ని పెట్టెలూ తన జానెడు దగ్గర ఆగిపోయాయి.

బొమ్మల టీచర్ పలక అంచు తడిమి చూసింది. "విచిత్రంగా ఉందే. నేను చూపించిన గుర్తే లేదు."

"అన్నిటికీ గుర్తులు పెట్టింది నేనేనమ్మా" అన్నాడు పెద్ద ఫిట్టర్ తల గోక్కుంటూ. "నూట ఎనభై ఆరూ నా చేత్తోనే పెట్టాను. దీనికి చెరిగిపోయే రంగు పెట్టేశానంటారా? అయితే తప్పు నాదే. పిల్లల్ని ఏమీ అనకండి."

జువ్వ నోరు మూసుకుంటే చాలు. ఎవరికీ తెలియదు. కానీ ఆయన తన చేతులవైపు తనే అనుమానంగా చూసుకుంటుంటే, జువ్వకి ఏడుపొచ్చేసింది.

"తప్పు మీది కాదు!" అంది గట్టిగా. "గుర్తు ఉంది. నీలం కింద ఉంది. జిరాఫీ తలలు పట్టలేదని నేనే పెట్టెని కిందికి దింపాను. గుర్తుల మీద నేనే రంగు పూశాను. టీచర్‌కి చూసుకున్నామని చెప్పాను."

"నేను కొలిచాను టీచర్. తెలిసి కూడా చెప్పలేదు" అన్నాడు స్కేలు పక్కనుంచి.

టీచర్ ఇద్దరినీ చూసింది. తిట్టలేదు. తిడితే బావుండుననిపించింది జువ్వకి. టీచర్ వాచీ చూసుకుని, "తొమ్మిదిన్నర. రంగులు నా స్కూటర్‌లో ఉన్నాయి. ఏం చేద్దామో నువ్వే చెప్పు" అంది.

జువ్వ వేలిగోరుతో అంచు మీద గీకింది. నీలం పొర ఊడి, కింద ఎర్ర గుర్తు బయటపడింది.

"పెట్టెని పైకి తెస్తాను" అంది.

"మరి మెడలు?"

జువ్వ మూడు వారాలు వేసిన తలలవైపు చూసింది. చిన్న జిరాఫీ కనురెప్పలవైపు చూసింది. "చెరిపేస్తాను. పైకి చోటు లేదు కదా, పక్కకి వంచుతాను."

పెద్ద ఫిట్టర్ రెంచీ భుజాన వేసుకున్నాడు. "సరే, ఈ నలభై ఎనిమిదిని కూడా ఎక్కించేసి నా జట్లన్నిటినీ ఆ చివర్నుంచి మొదలెట్టమంటాను. అవతలినుంచి కలుపుకుంటూ ఇక్కడికే వస్తాం. అప్పటికి నీ కొక్కేలు రెండూ సిద్ధంగా ఉండాలి!"

ఇంక చూస్కోండి! స్కేలు కొలిచి గీతలు కొట్టాడు. ఒకరు చక్రాలు, ఒకరు పట్టాలు, ఇద్దరు పెట్టె గోడ. హెడ్మాస్టారు చొక్కా చేతులు మడిచి రంగు డబ్బాలు అందించారు. జువ్వ వెంట వచ్చిన అమ్మ కొంగు నడుముకి దోపి స్టూలు కదలకుండా పట్టుకుంది. జువ్వ స్టూలెక్కి, తెల్లరంగు తీసుకుని, మూడు తలల్నీ తనే చెరిపేసింది. కనురెప్పల దగ్గర మాత్రం ఒక్క క్షణం కుంచె ఆగింది. తర్వాత ఒకే ఒక్క ఊపులో పూసేసింది.

పెద్ద జిరాఫీ మెడ వంచి పెట్టె అంచు మీద గడ్డం ఆనించింది. మధ్యది దాని వీపు మీద తల పెట్టి నిద్రపోయింది. నిద్రమొహానికి అదే సరిగ్గా కుదిరింది. ఇక చిన్నది. దాని మెడ పక్కకి సాగింది, సాగింది, పలక అంచు దాకా వచ్చింది. తలకి చోటు లేదు. ఇదివరకటి జువ్వ అయితే ఏం చేసేదో మనకి తెలుసు.

ఇప్పుడు జువ్వ స్టూలు దిగి బోసిపిల్ల దగ్గరికెళ్ళింది.

"మా జిరాఫీ తల మీ పలక మీదికి రావచ్చా? మీరు వద్దంటే వెనక్కి తిప్పేస్తాను."

బోసిపిల్ల ఆలోచించింది. వాళ్ళ బడి పిల్లలందరూ గుండ్రంగా చేరి గుసగుసలాడుకున్నారు. చాలాసేపే పట్టింది. దూరంనుంచి "కలిసిందీ, కలిసిందీ" అన్న అరుపులు దగ్గరికొస్తున్నాయి.

బోసిపిల్ల తిరిగొచ్చింది. "మా పెట్టెలో ఆ మొదటి కిటికీ ఖాళీగా ఉంది కదక్కా. కొత్తగా ఎవరైనా బళ్ళో చేరితే వాళ్ళకని ఉంచాం. మీ జిరాఫీ మా బళ్ళో చేరుతుందా?"

"చేరుతుంది!"

"అయితే తల మేమే వేస్తాం. మా కిటికీ కదా."

జువ్వ చెయ్యి కుంచెని గట్టిగా పట్టుకుంది. జిరాఫీ తల ఎలా వెయ్యాలో ఈ ఊళ్ళో తనకంటే ఎవరికి బాగా తెలుసు? కొమ్ములు ఎక్కడ, చెవులు ఎక్కడ, కనురెప్పలు ఎన్ని! ఆ పిల్ల కుంచె పట్టుకుని ఇంకా ఏడాది కూడా కాలేదు.

కానీ కిటికీ వాళ్ళది. జువ్వ కుంచె ఇచ్చేసింది.

బోసిపిల్ల నాలుక బయటపెట్టి, ఊపిరి బిగబట్టి వేసింది. ఒక చెవి పెద్దది వచ్చింది, ఒకటి చిన్నది వచ్చింది. కళ్ళు ఒకటి పైకి, ఒకటి కిందికి చూస్తున్నాయి. నోరు చెవుల దాకా సాగింది, అందులో ముందు పన్ను లేదు. సవరిద్దామని జువ్వ వేళ్ళు దురద పెట్టాయి. రెండు చేతులూ వెనక్కి కట్టేసుకుని నిలబడింది.

"చెవులు సమానంగా లేవు. కొలవనా?" అన్నాడు స్కేలు.

"నువ్వు నోర్మూసుకో" అంది జువ్వ. "అది నవ్వుతోంది, కనిపించట్లా?"

పన్నెండింటికి పది నిమిషాలుంది. యాభైకి నలభై తొమ్మిది కలిసింది. నలభై తొమ్మిదికి నలభై ఎనిమిది కలిసింది. డప్పుల పెట్టె కొక్కెం నలభై ఏడుకి అందింది. పెద్ద ఫిట్టర్ చివరి అతుకు దగ్గరికొచ్చి, వంగి, ఒక కన్ను మూసి, కొక్కెం వైపు చూశాడు. తర్వాత ఎర్ర గుర్తు వైపు చూశాడు. నూట ఎనభై ఆరు బళ్ళ పిల్లలు ఊపిరి బిగబట్టారు.

ఆయన లేచి, జువ్వనీ బోసిపిల్లనీ చూసి తలూపాడు.

"కలిసిందీ!" అని ఇద్దరూ ఒకేసారి అరిచారు. ఆ అరుపు గోడ పొడుగునా రెండు వైపులకీ పరిగెత్తింది. గంట మోగుతూనే ఉంది, ఎవరాపినా ఆగలేదు.

గేట్లు తీసేలోపు బోసిపిల్ల వాళ్ళ బడి పిల్లలు గోడ ముందు వరసగా నిలబడ్డారు. వాళ్ళకి ఎక్కడికెళ్ళినా హాజరు వేసుకోవడం అలవాటట. బోసిపిల్లే టీచర్‌లా వెనక కిటికీ నుంచి ముందుకి లెక్కపెట్టింది. ఇరవై అంది, ఒకరు చెయ్యెత్తారు. ఇరవై ఒకటి, ఇరవై రెండు.

"ఇరవై మూడు?"

ఎవరూ పలకలేదు. జిరాఫీ పన్ను లేని నోటితో నవ్వుతూ ఉంది.

వెనకనుంచి జువ్వ చెయ్యెత్తి, ఎగిరి గంతేసి అరిచింది.

"వచ్చింది టీచర్!"